రోజ్ మిల్క్ రంగు కౌజు గుడ్లు

ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మా ఆయన అక్క సరోజ వదిన అప్పటికే రాయపురంలో సగం వీధులకు చెప్పేసింది. ఇంక దాచేదేముంది? ఆమె చెప్పే కథలో నేను మూర్ఛపోయినట్టు కూడా ఉండాదంట. మూర్ఛ పోలేదమ్మా! కూర్చున్నాను, అంతే. కాళ్లు పట్టు తప్పితే ఎవరైనా కూర్చుంటారు.

నేను సైన్స్ టీచర్ని. పందొమ్మిది ఏండ్లుగా పిల్లకాయలకు "దయ్యాల్లేవు, కారణాలుండాయి" అని బోర్డు మీద రాసి మరీ చెప్పేదాన్ని. మొన్న శనివారం పట్టపగలు ఒక గుడ్డు పగలగొట్టి, దాన్ని చూసి వణికినాను. అదీ కోడిగుడ్డు కూడా కాదు. గోలీకాయంత కౌజు గుడ్డు!

మొదట్నించి చెప్తాను. మాది చింతాద్రిపేట. ఇరుకు వీధి, పాత ఇల్లు, పైన మిద్దె. మిద్దె మీద రేకుల షెడ్డులో ఇరవై నాలుగు కౌజు పిట్టలు పెంచుతా ఉండాను. ఈడ అందరూ కాడపిట్టలంటారు. లాక్‌డౌన్‌లో మొదలైన పిచ్చి. అన్నీ ఆడవే, అందులో నాలుగు పోయిన నెల కొన్న పిల్లలు. మామూలుగా అంగట్లో దొరికే దాణా పెడితే సరిపోతుంది కదా? సరిపోదు. నేను సైన్స్ టీచర్ని కదా, నాకు "నేచురల్" కావాల!

దాణాలో దంచిన వెల్లుల్లి కలిపినాను. పసుపు కలిపినాను. మునగాకు ఎండబెట్టి పొడి కొట్టి కలిపినాను. పూల అంగడి అమ్మ మిగిలిపోయిన బంతిపూలు ఇస్తే, రేకలు నీడన ఆరబెట్టి అవీ కలిపినాను. పెంకు గట్టిపడాలని ఆల్చిప్పల పొడి. ఆ పైన చిటికెడు నల్ల జీలకర్ర. పిల్లకాయలకేమో "ప్రయోగంలో ఒకసారికి ఒక్కటే మార్చాల" అని చెప్తాను. నేను ఇంట్లో ఒకసారికి ఆరు మార్చినాను. అయినా ఫలితం చూడాలి మీరు! గుడ్డు ప్లేటులో పోస్తే తెల్లసొన నీళ్లలా పారకుండా పొందిగ్గా నిలబడేది. పచ్చసొన అయితే సాయంత్రం సూర్యుడే. ఫోటోలు తీసి స్టాఫ్ రూమ్ గ్రూపులో పెట్టి పెట్టి, చివరికి హెడ్ మాస్టర్ గారు "మేడమ్, గ్రూపులో సర్క్యులర్లు కనపడ్డం లేదు" అన్నారు.

ఆ గుడ్లు ఎవరికంటే, పై వాటాలో అద్దెకుండే స్వప్నకు. ఒంగోలు పిల్ల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కడుపుతో ఉండాది, ఆరో నెల. మొగుడు ఆఫీసు పని మీద పుణెలో ఉండాడు, నెలకోసారి వస్తాడు. ఆ పిల్ల ఒక్కతే కదా అని రోజూ పొద్దున నాలుగు గుడ్లు గిన్నెలో పెట్టి ఇచ్చేదాన్ని. "థాంక్స్ ఆంటీ, చాలా బావున్నాయండీ" అనేది. ఆ మాట వింటే నాకు ఆ రోజు బస్సులో సీటు దొరక్కపోయినా బాధ లేదు.

మా ఆయన దామోదరానికి మాత్రం గుడ్డు నిషేధం. డాక్టరు పచ్చసొన జోలికి పోవద్దన్నాడు. "వాసన చూసుకోవచ్చా?" అని అడిగేవాడు పాపం.

ఇప్పుడు పరుపు సంగతి. మా అత్త కాంతమ్మ పోయిన ఏడు పోయింది. ఆమెకు బూరుగ దూది పరుపు ఒకటుండేది. అబ్బ, ఆ పరుపంటే ప్రాణం! ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. "నేను పోయినా నా పరుపు విప్పొద్దమ్మే" అని నాతో ఒకసారి కాదు, పదిసార్లు అనింది. ఏడాది కార్యం అయిపోయినాక పరుపు అట్లానే చుట్టి మూల పెట్టి ఉండాది. స్వప్నకేమో నడుం నొప్పి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న స్పాంజి పరుపు ఒకచోట గుంట, ఒకచోట గుట్ట. సరే, మంచి దూది వృథాగా పోతా ఉండాదే అనుకుని, అత్త పరుపును వీధి చివర ఖాదర్ బాయ్ అంగడికి తీసుకుపోయినాను. ఆయన విప్పి, దూది ఏకి, కొత్త గుడ్డ వేసి కుట్టి ఇచ్చినాడు. పరుపు స్వప్న గదికి చేరింది.

అంగడి వెనకాల మూటలు మూటలుగా నల్లగింజలు చూసినాను. మిరియాల్లా గుండ్రంగా ఉండాయి. "ఏంది బాయ్ ఇవి?" అంటే, "బూరుగ గింజలమ్మా. దూదిలోంచి ఏరి పక్కన పడేస్తాం" అన్నాడు. నా బుర్రలో బల్బు వెలిగింది. గింజ అంటే నూనె, నూనె అంటే పుష్టి! చెట్టున కాసింది కాబట్టి నేచురల్! ఒక మూట మోసుకొచ్చి, వేయించి, మిక్సీలో పట్టి, రోజూ పిడికెళ్లకొద్దీ దాణాలో కలిపినాను.

దీపావళి అయిపోయి వానలు పట్టినాయి. మన చెన్నై వాన మీకు తెలియంది కాదు. మధ్యాహ్నం పన్నెండుకే సాయంత్రం ఆరున్నరలాగా ఉంటుంది. ముసురు మూడు రోజులు విడవలేదు. స్కూలుకు సెలవిచ్చినారు. ఆ మూడు రోజుల్లోనే మొదలైంది.

మొదటి రోజు గుడ్లు తగ్గినాయి. ఇరవై పెట్టేవి పదకొండే పెట్టినాయి. వాన కదా అనుకున్నాను. రెండో రోజు ట్రేలో ఒక గుడ్డు తెల్లగా పాలిపోయి ఉండాది. కౌజు గుడ్డుకు మచ్చలుండాల. దీనికి ఒక్క మచ్చ లేదు, సున్నం పూసినట్టుండాది. చేతిలోకి తీసుకుంటే చల్లగా, నున్నగా... ఎందుకో గబుక్కున కింద పెట్టేసినాను.

శనివారం మధ్యాహ్నం. కరెంటు పోయింది. మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పనికి పోయినాడు. నేను తల మీద టవలేసుకుని దాణా పెట్టేదానికి షెడ్డులోకి పోయినాను. లోపల మసక చీకటి. ఎప్పుడూ నన్ను చూస్తే గోల గోల చేసే పిట్టలు, ఒక్కటి కూడా కదల్లేదు. అన్నీ ఒక పక్కకు చేరి, తల తిప్పి, ఎదురు మూలను చూస్తా ఉండాయి. నేనూ చూసినాను. ఆ మూలలో ఏమీ లేదు. ఒక్క దూది పోగు మాత్రం నేల మీద మెల్లగా జరుగుతా ఉండాది. గాలి లేదు. అయినా జరుగుతా ఉండాది.

అప్పుడు వినపడింది. "ఖ్ర్... హ్మ్!"

మా అత్త గొంతు సవరించుకునే సద్దు! ఎవరైనా ఆమె పరుపు మీద కూర్చుంటే, లేవమని నోటితో చెప్పకుండా అట్లానే సవరించేది. ఒకసారి కాదండీ, రెండుసార్లు వినపడింది. దాణా డబ్బా ఆడనే వదిలి మెట్లు దిగినాను. దిగినాను అనడం మర్యాదకు. జారినాను.

వంటింట్లోకి వచ్చి, "వసంతా, నువ్వు టీచరువి, ఊపిరి తీసుకో" అని నాకు నేనే చెప్పుకున్నాను. మనసు మళ్లించుకుందామని ఆమ్లెట్ వేసుకుందామనుకున్నాను. ఫ్రిజ్‌లో పోయిన వారం గుడ్లుండాయి. కిటికీ దగ్గర వెలుతుర్లో స్టీలు గిన్నెలోకి ఒకటి కొట్టినాను.

తెల్లసొన తెల్లగా లేదు. గులాబీ రంగు! మన రోజ్ మిల్క్ ఉంటుంది కదా, అచ్చం అదే. రెండోది కొట్టినాను. అదీ అంతే. పచ్చసొన అయితే ఇటుక రంగు తిరిగి, ముద్దగా ఉండాది. స్పూనుతో పొడిచినాను. పగల్లేదు! స్పూను వెనక్కి వచ్చింది. గిన్నె కొంచెం వంచితే ఆ సొన "టక్" మని గిన్నె అంచుకు తగిలి, దొర్లుకుంటా నా వైపుకు వచ్చింది. ఉడికించిన గుడ్డు కాదండీ. పచ్చి గుడ్డు!

ఇందాక చెప్పిన కూర్చోవడం ఇక్కడే జరిగింది.

సరిగ్గా అప్పుడే తలుపు కొట్టి మా వదిన వచ్చింది. కార్తీక మాసం పసుపు కుంకుమ ఇద్దామని అంత వానలో ఆటోలో వచ్చింది. నేలమీద నేను, పక్కన గిన్నె. వంగి గిన్నెలోకి చూసింది. ముఖం మాడిపోయింది.

"ఏందిమే ఇది?"

"గుడ్డు వదినా."

"గుడ్డా? ఇది గుడ్డా?" అని ఇంటి మూల వైపు చూసింది. "అమ్మ పరుపేది?"

చెప్పక తప్పలేదు. చెప్పినాను.

"విప్పినావా! విప్పి, పరాయి పిల్లకు, అదీ కడుపుతో ఉన్న పిల్లకు వేసినావా! ఆ దూదిలో గింజలు పిట్టలకు పెట్టినావా! చదువుకున్న దానివి కదమ్మే, నీకు బుద్ధి యాడ పోయింది?"

"అవి అత్త పరుపులో గింజలు కాదు వదినా, అంగట్లో..."

"అన్నీ ఒక మూటలోనే కదా పడేస్తాడు వాడు!"

ఆ మాటలో లాజిక్ ఉండాది కదా! దానికితోడు మిద్దె మీంచి మళ్లీ "ఖ్ర్... హ్మ్!" ఈసారి ఇద్దరమూ విన్నాము. వదిన నా చెయ్యి పట్టుకునింది. అంత గట్టిగా మా పెండ్లిలో మా ఆయన కూడా పట్టుకోలేదు.

"పో. అమ్మ ఫోటో ముందు నిలబడి తప్పు చెప్పుకో."

చెప్పుకున్నానండీ! సైన్స్ టీచర్ని, దీపం పెట్టి, చేతులు జోడించి, "అత్తా, పరుపు విప్పింది తప్పే, క్షమించు" అన్నాను. భయంలో నోరు ఆగదు కదా. "సాంబారు పొడి ఇంట్లో దంచినానని పదేండ్లు చెప్పింది కూడా అబద్ధమే, అంగడిదే. నీ పట్టుచీరకు కాల్చిన మచ్చ ఇస్త్రీవాడిది కాదు, నాదే. సరోజ వదిన వస్తే కాఫీలో పాలు తక్కువ పోసింది కూడా..." అని అనేసినాను. వెనకాల వదిన దగ్గింది. ఆ దగ్గు అత్త దగ్గు కన్నా భయంకరంగా ఉండాది.

అప్పుడే నాకు స్వప్న గుర్తొచ్చింది. పొద్దున కూడా నాలుగు గుడ్లిచ్చినాను! మూడు వారాలుగా గింజల గుడ్లే ఇస్తా ఉండాను! దయ్యమైతే పూజ చేయించవచ్చు. విషమైతే? కడుపులో బిడ్డ ఉండాది. పైకి పోయి చెప్పాలా, ఏమని చెప్పాలా అని మెట్ల దగ్గరే నిలబడిపోయినాను. నిజం చెప్తాను, దయ్యానికి కాదు, ఆ పిల్ల ముఖానికి భయపడి నిలబడిపోయినాను. ఇంతలో పైనుంచి పిలుపు.

"ఆంటీ! ఒక్కసారి వస్తారా? కడుపులో నొప్పిగా ఉందండీ."

పోయి చూస్తే, ఆ పిల్ల అత్త పరుపు మీద పక్కకు తిరిగి పడుకుని, దుప్పటి పిడికిట్లో బిగించి ఉండాది. నుదుట చెమట.

ఆ తరవాత అంతా పరుగే. వదిన వీధిలోకి పోయి ఆటోకు అడ్డంగా నిలబడింది. వీధంతా మోకాలి లోతు నీళ్లు. ఆటోలో నేను, నా ఒళ్లో స్వప్న తల, ఆ పక్క వదిన. నా చేతిలో టిఫిన్ డబ్బా. దాంట్లో ఆ రోజ్ మిల్క్ గుడ్డు. డాక్టరుకు చూపించాల కదా! గుంటలో చక్రం పడినప్పుడల్లా డబ్బాలో సొన "టక్... టక్" అని కొట్టుకుంటా ఉండాది. ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి, "అమ్మా, ఉళ్ళే ఏదావుదు ఉయిరోడ ఇరుక్కా?" అన్నాడు, లోపల ప్రాణంతో ఏమైనా ఉందా అని. నేను డబ్బా మూత గట్టిగా అదిమినాను. ఆ డ్రైవరు మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు.

స్వప్నను చూసే డాక్టరమ్మ లోపలికి తీసుకుపోయి, స్కాన్ చేసి, పావుగంటకు బయటికి పిలిచింది. "బిడ్డ బాగుంది. గుండె చక్కగా కొట్టుకుంటా ఉంది. ఇది గ్యాస్ నొప్పి. ఏం తినింది ఈ అమ్మాయి?"

నేను గబగబా డబ్బా తెరిచి ఆమె టేబుల్ మీద పెట్టినాను. ఏడుపు ఆగలేదు. "డాక్టర్, ఇది. నేనే ఇచ్చినాను. మూడు వారాలుగా. మా అత్త పరుపు..." అని అంతా కక్కేసినాను. పక్కన వదిన "ఫోటో ముందు చెప్పుకునింది కూడా చెప్పు" అని గుచ్చింది.

డాక్టరమ్మ డబ్బాలోకి చూసింది. అరవలేదు. పెన్నుతో సొనను అటూ ఇటూ దొర్లించింది. "మా నాన్నకు నామక్కల్ దగ్గర కోళ్లఫారం. ఆయన్ని అడుగుదాం ఉండండి" అని ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

అవతల పెద్దాయన గొంతు. రంగు చెప్పగానే ఆయన ఒకే ప్రశ్న వేసినాడు. "పత్తి గింజ గానీ ఇలవం గింజ గానీ పెట్టినారా?" ఇలవం అంటే మన బూరుగే.

"పెట్టినాను సార్" అన్నాను.

"అదే! ఆ గింజల నూనె అంతే. గుడ్డు ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటే పచ్చసొనలో ఇనుము తెల్లసొనలోకి దిగి గులాబీ రంగు వస్తుంది. సొన రబ్బరవుతుంది. మా తాత కాలంలో మేమూ చూసి బెదిరిపోయినాం. గింజలు ఆపేయమ్మా, కొన్నాళ్లకు అదే సరిపోతుంది. ఉన్న గుడ్లు పారేయ్."

"మరి మచ్చల్లేని తెల్లగుడ్డు సార్?"

"ఉరుములకు బెదిరిందేమో. పిల్లి వచ్చిందేమో. బెదిరితే రంగు పట్టకముందే పెట్టేస్తాయి." పిట్టలు ఆ మూలకేసి చూసింది పిల్లి కోసమే కాబోలు, దూది పోగును చీమలు లాక్కుపోతా ఉండాయేమో, నేను వంగి చూడలేదు కదా.

"మరి... గొంతు సవరించే సద్దు?"

ఆయన నవ్వినాడు. "ఆడపిట్టలని చెప్పి ఎవడో నీకు ఒక మగదాన్ని కూడా అంటగట్టినాడు. వయసుకొచ్చి కూత మొదలుపెట్టింది. దాని కూత అట్లానే ఉంటుంది, ముసలమ్మ గొంతు సవరించినట్టు."

వదిన ముఖం చూడాల. అమ్మ పోయి మగ కౌజు పిట్ట వచ్చిందంటే ఎవరికైనా కష్టమే కదా.

డాక్టరమ్మ స్వప్న వైపు తిరిగింది. "రెండు రోజులు గమనిద్దాం. ఇంతకీ రోజుకు ఎన్ని గుడ్లు తిన్నావమ్మా?"

స్వప్న నా వైపు చూసింది. తల దించుకునింది. "సారీ ఆంటీ. ఒక్కటి కూడా తినలేదండీ."

"ఏంది?"

"నాకు గుడ్డు వాసన పడట్లేదండీ. చూస్తేనే వాంతి. మీరు అంత ప్రేమగా ఇస్తుంటే వద్దని చెప్పలేకపోయా. ఈ నొప్పి గుడ్లది కాదు, పొద్దున్న మిరపకాయ బజ్జీలు ఎనిమిది తిన్నా."

"మరి గుడ్లు? రోజూ ఖాళీ గిన్నె ఇచ్చేదానివే!"

ఆ పిల్ల గొంతు మరీ చిన్నదైపోయింది. "అంకుల్‌కి ఇచ్చేదాన్నండీ. ఆయన ప్రెస్సుకెళ్లేటప్పుడు మెట్ల మీద నిలబడేవారు. ఫ్రిజ్‌లో దాచి, ఉడకబెట్టి ఇచ్చేదాన్ని."

సాయంత్రం ఇంటికొచ్చేటప్పటికి వాన తగ్గింది. స్వప్నను పడుకోబెట్టి కిందికి వచ్చినాను. మా ఆయన ప్రెస్సు నుంచి వచ్చి, కాళ్లు చాపుకుని టీ తాగుతా ఉండాడు. బుగ్గలు నున్నగా, కళగా ఉండాయి. ఉండవా మరి! రోజుకు నాలుగు! నేను ఎదురుగా నిలబడినాను. వదిన పక్కనే సోఫాలో సర్దుకుని కూర్చునింది, సినిమాకు వచ్చినట్టు.

"ఏమండీ, గుడ్లు ఎట్లా ఉండాయి?"

టీ గ్లాసు మధ్యలో ఆగింది. ఒక్క క్షణం నన్ను, ఒక్క క్షణం అక్కను చూసినాడు. దాచలేననుకున్నాడో ఏమో. "మొదట్లో బాగుండేవి వసంతా. ఈ మధ్య తెల్లది గులాబీగా వస్తా ఉండాది. పచ్చది రబ్బరు బంతి. నిన్న ఒకటి చేయి జారి కింద పడితే ఎగిరింది."

"ఎగిరిందా! మరి తిన్నారా?"

"తిన్నాను."

"గులాబీ రంగు గుడ్డు, కిందపడితే ఎగిరే గుడ్డు! మీకు భయం వేయలేదా? ఇదేంది అని నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?"

మా ఆయన గ్లాసు కింద పెట్టినాడు. చాలా నిదానంగా చెప్పినాడు. "అడుగుదామనే అనుకున్నాను. కానీ అడిగితే నువ్వు బోర్డు తెచ్చి గంటసేపు క్లాసు తీసుకుంటావని భయం వేసింది. దాని కన్నా గుడ్డు తినేయడమే మేలనిపించింది."

వదిన పడీ పడీ నవ్వింది. సోఫా మీంచి జారి నేలమీద కూర్చునింది. చూసినారా, ఆమెకూ కాళ్లు పట్టు తప్పినాయి! నేను మాత్రం నవ్వలేకపోయినాను. ఒక మనిషి ఎగిరే గుడ్డును నోట్లో వేసుకున్నాడండీ, నా క్లాసుకు జడిసి. ఈ ఇంట్లో దయ్యం ఉందని వదిన అనుకునింది తప్పేమీ కాదు. మనిషిని గుర్తు పట్టడంలోనే చిన్న పొరపాటు చేసింది.